డ్రాగన్ ఆడి 23 ఎత్తుల్లో మేట్ అయ్యాను. తప్పు ఓపెనింగ్‌దా, నాదా?

రాత్రిపావు (శనివారం, రాత్రి 8:50)

నాలుగో రౌండ్ ఇప్పుడే అయింది. నల్లపావులతో సిసిలియన్ డ్రాగన్ ఓపెనింగ్ (ఆట మొదలుపెట్టే పద్ధతి) ఆడాను, 23 ఎత్తుల్లో మేట్. నా రేటింగ్ 1640, అతనిది 1710. అంత తేడా ఏం లేదు. ఒక్కొక్కరికి 90 నిమిషాలు, ఎత్తుకి 30 సెకన్లు అదనం. గేమ్ ఇదీ (× అంటే తినడం, + అంటే చెక్; అంకె పక్కన మూడు చుక్కలుంటే నల్లవాళ్ళ ఎత్తు):

1. ఈ4 సీ5 2. గుర్రం ఎఫ్3 డీ6 3. డీ4 సీ×డీ4 4. గుర్రం×డీ4 గుర్రం ఎఫ్6 5. గుర్రం సీ3 జీ6 6. బిషప్ ఈ3 బిషప్ జీ7 7. ఎఫ్3 గుర్రం సీ6 8. క్వీన్ డీ2 క్యాసిలింగ్ 9. బిషప్ సీ4 బిషప్ డీ7 10. హెచ్4 ఏనుగు సీ8 11. బిషప్ బీ3 గుర్రం ఈ5 12. క్వీన్ వైపు క్యాసిలింగ్, గుర్రం సీ4 13. బిషప్×సీ4 ఏనుగు×సీ4 14. హెచ్5 గుర్రం×హెచ్5 15. జీ4 గుర్రం ఎఫ్6 16. డీ4 గుర్రం ఈ2కి, క్వీన్ ఏ5 17. బిషప్ హెచ్6 బిషప్×హెచ్6 18. క్వీన్×హెచ్6, ఎఫ్8 ఏనుగు సీ8కి 19. ఏనుగు డీ3 బిషప్ ఈ6 20. జీ5 గుర్రం హెచ్5 21. గుర్రం జీ3 గుర్రం×జీ3 22. క్వీన్×హెచ్7+ రాజు ఎఫ్8 23. క్వీన్ హెచ్8 మేట్.

19వ ఎత్తు అయ్యేసరికి అతని క్లాక్‌లో 93 నిమిషాలున్నాయి. అవును, మొదలుపెట్టినప్పటికంటే ఎక్కువ. నాకు మిగిలింది 14. జీ3లో కాపలా లేని గుర్రం కనబడింది. తీస్తే హెచ్1 ఏనుగు మీద కూడా దాడి. ఇంకేం కావాలి అనుకుని చెయ్యి వేశాను. వేశాక కనబడింది హెచ్7.

రేపు ఆరో రౌండ్‌లో మళ్ళీ నల్లపావులే. డ్రాగన్ మానేయమంటారా? ఆరు నెలలు కష్టపడి నేర్చుకున్నాను.


కారోకాన్‌భక్తుడు (రాత్రి 8:58)

1... సీ6, అంటే కారోకాన్ ఓపెనింగ్. నీ కష్టాలన్నీ అక్కడితో సరి. నాకు ఇరవై ఎత్తుల తర్వాత కూడా టీవీ చూస్తున్నంత ప్రశాంతంగా ఉంటుంది.


హెచ్‌ఫైల్‌వీరుడు (రాత్రి 9:03)

భక్తుడన్నా, నీ గేములు చూసేవాళ్ళకీ అంతే ప్రశాంతంగా నిద్ర వస్తుంది.

ఓపీ (పోస్టు పెట్టినవాడా) బ్రో, నేను తెల్లపావులతో ఈ లైన్ పదేళ్ళుగా ఆడుతున్నా. బాబీ ఫిషర్ చెప్పిన వంటకమే కదా: హెచ్ ఫైల్ (నిలువు వరస) తెరువు, బలి ఇవ్వు, ఇంకోటి ఇవ్వు, మేట్ చెయ్యి. 1958లో పోర్టోరోజ్‌లో లార్సెన్‌ని అలాగే కొట్టాడు. నువ్వు 12, 13 ఎత్తుల్లో సీ4 కోసం టైమ్ పెట్టావు, 14లో అతను ఇచ్చిన బంటు తిన్నావు. ఆ బంటు తినగానే హెచ్ ఫైల్ నీ చేత్తోనే తెరిచావు. తినకపోయినా హెచ్×జీ6 వచ్చేదే అనుకో.


పాతనోట్‌బుక్ (రాత్రి 9:21)

బాబూ, నీ గేమ్ 19వ ఎత్తులో తెల్ల ఏనుగు డీ3కి వచ్చేదాకా ఎవరిదో తెలుసా? 1974లో మాస్కోలో జరిగిన క్యాండిడేట్స్ ఫైనల్ (ప్రపంచ చాంపియన్‌తో ఆడేదెవరో తేల్చే మ్యాచ్), కార్పోవ్, కోర్చ్‌నోయ్ ఆడిన రెండో గేమ్. ఒక్క ఎత్తు తేడా లేదు. మీ అవతలి కుర్రాడు 93 నిమిషాలు ఎలా మిగుల్చుకున్నాడో ఇప్పుడు అర్థమైందా? అతను ఆడలేదు, అప్పజెప్పాడు.

నేను ఆ గేమ్‌ని చేత్తో నోట్‌బుక్‌లో రాసుకున్నవాణ్ణి. కోర్చ్‌నోయ్ నీలా బిషప్ ఈ6 ఆడలేదు, సీ4లో ఉన్న ఏనుగుని సీ5కి తీశాడు. 20. జీ5! ఇంకో బంటు బలి. ఏనుగు×జీ5 21. ఏనుగు డీ5! ఏనుగు×డీ5 22. గుర్రం×డీ5 ఏనుగు ఈ8 23. ఈ2 గుర్రం ఎఫ్4కి, బిషప్ సీ6. ఇప్పుడు తెల్లవాళ్ళకి కావలసింది ఎఫ్6 గుర్రాన్ని తీసి, ఇంకో గుర్రాన్ని హెచ్5కి దూకించి జీ7లో మేట్ చెయ్యడం. కానీ నల్ల మంత్రి (క్వీన్) ఏ5లో కూర్చుని అయిదో వరస పొడుగునా హెచ్5 దాకా చూస్తోంది. దూకిన గుర్రాన్ని అక్కడినుంచే తినేస్తుంది.

అందుకే 24. ఈ5!! ఒక బంటుని తీసుకెళ్ళి ఆ వరస మధ్యలో అడ్డం పెట్టాడు. డీ6 బంటు దాన్ని తిన్నా ఆ గడిలో బంటు ఉండనే ఉంటుంది, చూపు తెగినట్టే. బిషప్×డీ5 25. ఈ×ఎఫ్6 ఈ×ఎఫ్6 26. మంత్రి×హెచ్7+ రాజు ఎఫ్8 27. మంత్రి హెచ్8+. అక్కడ కోర్చ్‌నోయ్ చేతులెత్తేశాడు.

చివరి రెండు ఎత్తులు చూడు. నీ గేమ్‌లోవీ అవే. కోర్చ్‌నోయ్ రాజుకి ఈ7 గడి ఖాళీగా ఉంది, పరిగెత్తడానికైనా దారుంది. నీకు ఆ గడిలో సొంత బంటే అడ్డం. అందుకే మేట్.


రాత్రిపావు (రాత్రి 9:34)

సార్, నిజంగా తెలీదు. ఇప్పుడు డేటాబేస్‌లో చూశా, అచ్చం అదే! కాస్త గర్వంగా కూడా ఉంది, కోర్చ్‌నోయ్‌లా 18 ఎత్తులు ఆడానని.

ఒక్కటి అర్థం కాలేదు. 16లో అతను డీ4లో దర్జాగా ఉన్న గుర్రాన్ని ఈ2కి వెనక్కి తీశాడు. నాకది భయపడి వెనక్కి తగ్గినట్టు కనబడింది. ఎందుకంత మంచి ఎత్తు?


కోచ్‌అక్క (రాత్రి 9:52)

అది భయం కాదు తమ్ముడూ, నీ ఆయుధం లాక్కోవడం. డ్రాగన్‌లో నీ ప్రాణం రెండు చోట్ల ఉంటుంది. ఒకటి జీ7 బిషప్, అది బీ2 దాకా చూస్తుంది. రెండోది సీ ఫైల్‌లో ఏనుగు. ఈ రెండూ కలిసేది సీ3లో. ఏనుగుతో సీ3 గుర్రాన్ని కొట్టి, బీ×సీ3 అన్నాక వాళ్ళ రాజు ముందు బంట్లు చెదిరిపోతే, ఏనుగుకి బదులు గుర్రమే దొరికినా నీ ఆట బాగుంటుంది. డ్రాగన్ ఆడేవాళ్ళకి చెయ్యి దురద పెట్టేది ఆ బలి కోసమే.

ఈ2 గుర్రం సీ3కి కాపలా కాస్తుంది. ఇప్పుడు నువ్వు ఏనుగుతో కొడితే గుర్రంతో తింటాడు, బంట్లు చెదరవు. తర్వాత 17. బిషప్ హెచ్6 అని నీ జీ7 బిషప్‌ని కూడా మార్పించాడు. రెండు ప్రాణాలూ పోయాయి. 19లో డీ3కి వచ్చిన ఏనుగు కూడా సీ3నే కాస్తుంది, దాంతో ఈ2 గుర్రానికి కాపలా పని తప్పి జీ3కో ఎఫ్4కో పోవడానికి స్వేచ్ఛ వచ్చింది. నీ గేమ్‌లో అదే గుర్రం జీ3కి వచ్చింది కదా, చూశావా?

నా లెక్కలో నీ మొదటి పెద్ద తప్పు 17లో ఆ బిషప్ మార్పిడి. 16లో క్వీన్ ఏ5 బదులు ఏనుగు ఈ8 ఆడితే, హెచ్6కి బిషప్ వచ్చినప్పుడు నీది హెచ్8కి జరుగుతుంది. ఇబ్బందులు తప్పవు, కానీ బిషప్ బతికుంటుంది. పైగా నువ్వే తిని, అతని క్వీన్‌ని నీ రాజు పక్క గడిలోకి పిలిచి కూర్చోబెట్టావు.


ఇంజిన్‌రాజా (రాత్రి 10:05)

ఇంజిన్‌లో పెట్టాను. 18 తర్వాత అంతా దానికి తెల్లవైపే నచ్చుతోంది. కానీ 21లో ఓపీకి ఇంకా ఆట ఉంది: 21... క్వీన్ ఈ5. జీ3 గుర్రం మీద, జీ5 బంటు మీద ఒకేసారి చూపు. 22. గుర్రం×హెచ్5 జీ×హెచ్5 23. క్వీన్×హెచ్5 రాజు ఎఫ్8. హెచ్7 పోతుంది, ఆట తెల్లదే బాగుంటుంది, కానీ మేట్ లేదు.

ఓపెనింగ్ గురించి: డ్రాగన్ చచ్చిపోయిన లైన్. ఇప్పుడు టాప్ ప్లేయర్లు ఎవరూ రెగ్యులర్‌గా ఆడట్లేదు. మానేయ్.


కోచ్‌అక్క (రాత్రి 10:11)

రాజా, 1640, 1710 ఆడుకునే బోర్డు మీద టాప్ ప్లేయర్ల సంగతి ఎందుకు? వాళ్ళు 25 ఎత్తులు ఇంట్లోనే ఆడేసి వస్తారు. ఇక్కడ ఓడింది ఒక ఎత్తు ముందు చూడకపోవడం వల్ల.


ఇంజిన్‌రాజా (రాత్రి 10:14)

అక్కా, అవతలివాడు ఇంట్లోనే 19 ఎత్తులు ఆడేసి వచ్చాడని మీ కళ్ళముందే ఉంది! 93 నిమిషాలు! పదునైన లైన్‌లో చదువుకున్నవాడికి, చదువుకోనివాడికి తేడా రేటింగ్‌లో కనబడదు, క్లాక్‌లో కనబడుతుంది. మెల్లగా సాగే ఓపెనింగ్‌లో అయితే థియరీ తెలియకపోయినా చెస్ తెలిస్తే బండి నడుస్తుంది. ఇందులో ఒక్క ఎత్తు తెలియకపోతే రాజు పోతాడు. నేను చెప్పేది అదే.


కోచ్‌అక్క (రాత్రి 10:20)

సరే, ఆ క్లాక్ మాట ఒప్పుకుంటా. డ్రాగన్ ఆడాలంటే యుగోస్లావ్ అటాక్‌ని (నీ మీద అతను ఆడిన ఈ దాడినే) అవతలివాడి కంటే ఒక్క ఎత్తైనా ఎక్కువ చదవాలి. లేదంటే ముట్టుకోకూడదు.


పెద్దబల్ల_ఆర్బిటర్ (రాత్రి 10:31)

నాది ఓపెనింగ్ గొడవ కాదు. ఓపీ “చెయ్యి వేశాక కనబడింది” అన్నారు. ఏ గుర్రం మీద వేశారు? ముందు మీ గుర్రాన్నే ముట్టుకుని ఉంటే, దాన్ని ఏదో ఒక గడికి కదపాలి, జీ3లో తినే తీరాలని లేదు. రెండింటినీ ముట్టుకుంటే మాత్రం తినాల్సిందే. చాలామంది ఒకసారి ముట్టుకున్నాక ముందు అనుకున్న ఎత్తే ఆడాలి అనుకుంటారు. కాదు.


రాత్రిపావు (రాత్రి 10:36)

సార్, నా గుర్రం మీదే వేశాను, ఇంకా పైకి ఎత్తలేదు. అయ్యో, అయితే వేరే గడికి పెట్టొచ్చా! “సర్దుతున్నా” అని చెప్పి వదిలేసినా సరిపోయేదా?


పెద్దబల్ల_ఆర్బిటర్ (రాత్రి 10:40)

సర్దుతున్నానని ముట్టుకోక ముందే చెప్పాలి. ముట్టుకున్నాక చెబితే అది సాకు. ఆర్బిటర్ (టోర్నీలో రూల్స్ చూసే న్యాయనిర్ణేత) ఒప్పుకోడు, నేనైతే అస్సలు ఒప్పుకోను.


సైలెంట్_మూవ్ (రాత్రి 10:44)

వేరే గడికి పెట్టినా లాభం లేదు. ఆ గుర్రం హెచ్5లో ఉన్నంతసేపూ అది తలుపు గడియ, వెనక హెచ్1 ఏనుగు తోస్తూనే ఉంది. ఎఫ్4కి పోయినా, జీ7కి పోయినా అదే 22. క్వీన్×హెచ్7+, 23. క్వీన్ హెచ్8 మేట్. ఎఫ్6కి పోతే హెచ్7 కాపాడుతుంది గానీ జీ5 బంటు దాన్ని తినేస్తుంది. ముట్టుకున్న క్షణమే గేమ్ అయిపోయింది.


రాత్రిపావు (రాత్రి 10:47)

ఇది విన్నాక కాస్త మనశ్శాంతి. మూడు నిమిషాల కింద “ఇంకో గడి ఉందేమో” అని గుండె ఆగినంత పనైంది.


సైలెంట్_మూవ్ (రాత్రి 11:02)

ఓపీకి ఇంకో గేమ్ చూపిస్తా. ఈ2 గుర్రం కథ అందులోనూ ఉంది, ముగింపు మాత్రం తలకిందులు.

1995, న్యూయార్క్, వరల్డ్ ట్రేడ్ సెంటర్ 107వ అంతస్తు. ఆనంద్, కాస్పరోవ్ వరల్డ్ టైటిల్ మ్యాచ్. మొదటి ఎనిమిది గేములూ డ్రా. తొమ్మిదో గేమ్ ఆనంద్‌ది, పదోది కాస్పరోవ్‌ది. 5-5. పదకొండో గేమ్‌లో ఆనంద్‌వి తెల్లపావులు. అంతవరకూ ఆ మ్యాచ్‌లో షెవెనింగెన్ అనే ఇంకో రకం సిసిలియన్ ఆడిన కాస్పరోవ్ ఉన్నట్టుండి డ్రాగన్ దించాడు. అతని దగ్గర ఎవరూ అది ఊహించలేదు.

మన ఓపీ లైనే. తేడా ఎక్కడంటే, ఆనంద్ 12లో హెచ్4 అనగానే కాస్పరోవ్ 12... హెచ్5 అన్నాడు. బంటుతో బంటుని ఆపేశాడు. హెచ్ ఫైల్‌కి తాళం. దీన్ని సోల్టిస్ వేరియేషన్ అంటారు, అమెరికన్ గ్రాండ్‌మాస్టర్ ఆండ్రూ సోల్టిస్ పేరు మీద. ఆనంద్ కూడా 15లో డీ4 గుర్రాన్ని ఈ2కి తీశాడు, 16లో బిషప్ హెచ్6 అన్నాడు, బిషప్‌లు మారాయి. కానీ హెచ్ ఫైల్ మూసి ఉంది కాబట్టి కొంప మునగలేదు. 20వ ఎత్తుకల్లా క్వీన్లు బోర్డు దిగిపోయాయి.

ఇక్కడే అందరూ “ప్రమాదం తప్పింది” అనుకుంటారు. 27 తర్వాత పొజిషన్: ఆనంద్ గుర్రం డీ5లో, ఏనుగులు డీ2, ఈ1, రాజు బీ2. కాస్పరోవ్ ఏనుగులు సీ5, సీ8, బిషప్ ఈ6. ఆనంద్ 28. బీ4 అన్నాడు. ఏ×బీ4 29. ఏ×బీ4 ఏనుగు సీ4. ఇప్పుడు 30. గుర్రం బీ6! రెండు ఏనుగుల మీదా ఒకేసారి దాడి, ఫోర్క్. చూస్తే ఎంత ముచ్చటగా ఉంటుందో. 30... ఏనుగు×బీ4+ 31. రాజు ఏ3. ఇప్పుడు రెండు ఏనుగులూ ప్రమాదంలోనే. 31... ఏనుగు×సీ2! ఆనంద్ అక్కడే రిజైన్.

ఎందుకంటే 32. ఏనుగు×సీ2 అంటే ఏనుగు బీ3+. ఈ6 బిషప్ దానికి కాపలా. గుర్రం డీ5 నుంచి లేచిపోయింది కాబట్టే బిషప్‌కి ఆ దారి తెరుచుకుంది. రాజుకి ఏ2 ఒక్కటే గడి, ఏ4ని బీ5 బంటు చూస్తోంది. అప్పుడు ఏనుగు ఈ3+, వెనకనుంచి బిషప్ చెక్, ఈ1 ఏనుగు ఉత్తపుణ్యానికి పోతుంది. 32. రాజు×బీ4 అన్నా ఏనుగు×డీ2.

ఓపీ జీ3లో గుర్రం తింటూ “ఏనుగు మీద దాడి కూడా” అనుకున్నాడు. ఆనంద్ బీ6లో రెండు ఏనుగుల్ని చూశాడు. రెండు చోట్లా కదిలిన గుర్రం వెనక ఏ దారి తెరుచుకుందో చూడలేదు. ఓపీ, నీకు మంచి తోడే దొరికాడు.


ఇంజిన్‌రాజా (రాత్రి 11:15)

28లో ముందు గుర్రం×ఈ7 తీసుకుని ఉండాల్సింది. ఏనుగు ఈ8 29. గుర్రం డీ5 బిషప్×డీ5 30. బీ4! ఇప్పుడు సీ5 ఏనుగు మీద దాడి, డీ5 బిషప్ ఎటూ వదిలేదే. అదే బీ4, కాకపోతే ఒక బంటు తిన్నాక, ప్రమాదకరమైన ఆ బిషప్ గుర్రంతో మారిపోయాక.


పాతనోట్‌బుక్ (రాత్రి 11:19)

ఆ రాత్రి మాకు ఇంజిన్ లేదు. 31వ ఎత్తు తెలిశాక పది నిమిషాలు బోర్డు మీద పావులు పెట్టి చూస్తే గానీ ఎందుకు రిజైన్ చేశాడో తెలియలేదు. పదమూడో గేమ్‌లోనూ కాస్పరోవ్ డ్రాగనే ఆడి గెలిచాడు. మ్యాచ్ 10.5-7.5తో పోయింది. ఇప్పటికీ డ్రాగన్ అనే మాట వింటే నాకు 1974 కంటే ముందు అదే గుర్తొస్తుంది.


కారోకాన్‌భక్తుడు (రాత్రి 11:25)

అందరూ ఏడిపించుకున్నాక నాదొకటి. 2018లో విక్ ఆన్ జీ టోర్నీలో గావెయిన్ జోన్స్ డ్రాగన్ ఆడితే కార్ల్‌సన్ ఒక పావు ఊరికే పోగొట్టుకున్నాడు. పోగొట్టుకుని కూడా గెలిచాడు! డ్రాగన్ ఆడితే అవతలివాడు పావు ఇచ్చినా ఓడతామని అక్కడ తేలిపోయింది.

(కొట్టొద్దు, ఎదుట కార్ల్‌సన్ కాబట్టి అలా అయిందని నాకూ తెలుసు.)


హెచ్‌ఫైల్‌వీరుడు (రాత్రి 11:31)

నిజం చెప్పనా? తెల్లపావులతో నాకు బాగా చిరాకు తెప్పించేది ఆ 12... హెచ్5 లైనే. జీ4 పొడవాలి, బంటు బలి ఇవ్వాలి, ఈలోపు నా రాజు మీద అతను సీ ఫైల్‌లో వచ్చేస్తాడు. ఓపీలాగా 12... గుర్రం సీ4 ఆడేవాళ్ళంటేనే నాకు ప్రేమ.


కోచ్‌అక్క (రాత్రి 11:38)

విన్నావుగా తమ్ముడూ, శత్రువే చెప్పాడు. రేపటికి కొత్త ఓపెనింగ్ నేర్చుకోకు, ఒక్క రాత్రిలో కారోకాన్ కూడా రాదు. నీ మూవ్ ఆర్డర్‌లో (ఎత్తుల వరసలో) కూడా 12లో హెచ్5 కుదురుతుంది. ఆ ఒక్క లైన్‌లో నాలుగైదు గేములు చూసుకో, 20 ఎత్తుల దాకా చాలు. పదిన్నరకే పడుకోమని చెప్పేదాన్ని, ఇప్పటికే పదకొండున్నర దాటింది. ఇంకోటి, 30 సెకన్ల ఇంక్రిమెంట్ ఉంది కాబట్టి చివరి దాకా ఎత్తులు రాయాల్సిందే. ముందు బోర్డు మీద ఆడు, తర్వాత రాయి, ఆ రాసే రెండు సెకన్లు తల ఎత్తి హెచ్7 వైపు చూడు.


రాత్రిపావు (రాత్రి 11:44)

సరే అక్కా. 12... హెచ్5 రాసిపెట్టుకున్నా. సోల్టిస్ గారికి దండం పెట్టి పడుకుంటున్నా.


హెచ్‌ఫైల్‌వీరుడు (ఆదివారం, సాయంత్రం 5:10)

ఏమైంది బ్రో? ఆరో రౌండ్ అయిపోయి ఉండాలే.


కారోకాన్‌భక్తుడు (సాయంత్రం 5:26)

చప్పుడు లేదంటే హెచ్ ఫైల్‌లోనే పోయి ఉంటాడు.


రాత్రిపావు (సాయంత్రం 6:40)

ఇప్పుడే అయింది. దాదాపు నాలుగు గంటలు.

రాత్రి ఒంటిగంట దాకా 12... హెచ్5 చూశాను. పొద్దున అయిదో రౌండ్ తెల్లపావులతో గెలిచాను. ఆరో రౌండ్‌లో కూర్చుని, చెయ్యి కలిపి, క్లాక్ నొక్కాను. అతను 1. డీ4 ఆడాడు.


ఇంజిన్‌రాజా (సాయంత్రం 6:42)

హహహ. మరి ఏం ఆడావు?


రాత్రిపావు (సాయంత్రం 6:49)

కింగ్స్ ఇండియన్. జీ7 బిషప్ ఉన్న ఓపెనింగ్ నాకు ఇంకేదీ రాదు. 15లో బిషప్ హెచ్6 అన్నాడు, అక్క మాట గుర్తొచ్చింది, అప్పటికే ఏనుగు ఈ8లో ఉంది కాబట్టి నాది హెచ్8కి జరిపాను. తర్వాత నలభై ఎత్తులు అది ఆ మూలలోనే కూర్చుంది, ఒక్కసారి కూడా కదలలేదు. 61 ఎత్తుల్లో డ్రా. స్కోర్‌షీట్ ఫొటో తీశాను, రాత్రికి పెడతా. 34లో ఎండ్‌గేమ్‌లోకి వెళ్ళకుండా ఉండాల్సిందేమో అని అనుమానం, అది మీరే చూసి చెప్పాలి.


కోచ్‌అక్క (సాయంత్రం 6:55)

పెట్టు. 34 కంటే ముందు ఆ హెచ్8 బిషప్ నలభై ఎత్తులు ఎందుకు కదల్లేదో చూస్తా.